అన్న మీసం, ఢిల్లీ సర్కారు

బోధన్ బస్టాండు దగ్గర ఆ రోజు పొద్దున్నే పేడాలు పంచుతున్నారు. డెబ్బై ఏడు మార్చి నెల. ఢిల్లీలో సర్కారు పడిపోయిందట, ప్రధాని అయి ఉండి ఆమె తన సొంత సీటులోనే ఓడిపోయిందట, ఎమర్జెన్సీ ఎత్తేస్తున్నారట. పంచుతున్న మనిషిని నేను బాగా ఎరుగుదును. మాటలు తగ్గించి పని పెంచమని జనానికి బుద్ధి చెప్పే రేకు బోర్డును అంతకుముందు ఏడాది అదే బస్టాండు గోడకు దగ్గరుండి కొట్టించినవాడు. ఆ బోర్డు ఇంకా అక్కడే ఉంది. దాని కిందే నిలబడి, పళ్ళెం నా ముందుకు చాపాడు.

"తీస్కో టీచరమ్మా, నోరు తీపి చేస్కో. మల్లొక్కసారి స్వతంత్రమొచ్చింది మనకు."

"ఉపాసమున్న" అన్నాను.

ఉపవాసం లేదు, పాడూ లేదు. పొద్దున రెండు జొన్నరొట్టెలు తిని బయల్దేరాను. కానీ ఆ చేతి పేడా నా గొంతు దిగదు. పైగా ఈ స్వాతంత్ర్యం తెచ్చింది మేమైతే కదా! మా జిల్లాలో ఆమె పార్టీ ఆవుదూడ గుర్తే గెలిచింది. మా జిల్లా ఏమిటి, రాష్ట్రమంతా దాదాపు అంతే. ఎక్కడో ఉత్తరాన ముక్కూ మొహం తెలియని వాళ్ళు ముద్రలు గుద్ది ఆమెను దించితే, దించకుండా వదిలేసిన మేము ఇక్కడ మిఠాయిలు పంచుకుంటున్నాం. ఇరుగింట్లో పెళ్ళయితే మన ఇంటికి తోరణం కట్టుకున్నట్టు ఉంది ఆ సంబరం. ఇంతలో పేడాల మనిషి ఇంకొకరి నోట్లో తన చేత్తోనే కుక్కుతూ నావైపు ఓరగా చూశాడు. ఎవరు తింటున్నారు, ఎవరు తినడం లేదు అని లెక్క చూసుకుంటున్నాడేమోనని నాకు అనుమానం వచ్చింది.

నాది మొదటి నుంచీ అనుమానపు పుట్టుకే. కానీ ఆ రెండేళ్ళలో అది ముదిరి పాకాన పడింది. ఎందుకంటే అప్పటికి మా అన్న జైల్లో ఉన్నాడు.

మాది బోధన్‌కు కూతవేటు దూరంలో చెరుకు పండించే ఊరు. అన్న నిజామాబాద్‌లో కాలేజీ చదువు ముగించుకుని వచ్చి బాపుతో పాటు వ్యవసాయంలో దిగాడు. కాలేజీలో ఏదో సంఘంలో తిరిగాడు, ఆ సంఘం పోయినా ఆ గొంతు మాత్రం పోలేదు. అన్న మాట్లాడితే మా ఇంట్లో మాట్లాడినట్టు ఉండేది కాదు, ఊరంతటికీ చెప్పినట్టు ఉండేది. బోధన్‌లో చాయ్ హోటల్లో కూర్చుని పత్రిక పైకి చదవడం, చదివిన ప్రతి ముక్కకూ తన ముక్క ఒకటి అతికించడం అతనికి అలవాటు. పక్క బల్లల వాళ్ళు తమ ముచ్చట్లు ఆపి వినేవారు. ఇంటికి వచ్చాక బాపుతో రెండో విడత. తండ్రీకొడుకులిద్దరికీ ఏ విషయంలోనూ పొసగేది కాదు. ఒకరు అవునంటే ఒకరు కాదనాలి. ఆ అరుపులకు మా అవ్వ, అంటే అమ్మ, విసుక్కునేది, కానీ ఏ రోజైనా వాళ్ళు అరుచుకోకపోతే "ఏమాయె, ఇద్దరికీ పానం మంచిగలేదా?" అని అడిగేది.

ఎమర్జెన్సీ వచ్చాక కూడా అన్న పత్రిక పైకి చదవడం మానలేదు. పత్రికలో ఏమీ లేదని కూడా పైకే చెప్పాడు. కొన్నాళ్ళకు చెరుకుకు నీళ్ళు కడుతుండగా జీపు వచ్చింది. కాళ్ళకు బురద ఉంది, కడుక్కుని వస్తానంటే కడుక్కోనిచ్చారు. ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

మాకు కబురు తెచ్చింది ఊరి పోలీసు పటేలు. గడప బయటే నిలబడి, గొంతు తగ్గించి, "మీ పోరన్ని మీసా కింద తీస్కపోయిండ్రు" అన్నాడు.

మీసా అంటే అప్పటి చట్టం పేరు. విచారణ లేకుండా ఎవరినైనా లోపల పెట్టే చట్టం. ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి పెట్టిన పేరది. అవ్వకు ఇవేవీ తెలియవు. ఆమెకు వినపడింది మీసం.

"మీసాల కిందనా? ఆని మీసాలు ఏం జేసినయి?" అంది.

మా అన్నకు మీసాలంటే పిచ్చి. దట్టంగా పెంచి, చివరలు పైకి తిప్పి, జేబులో చిన్న దువ్వెన పెట్టుకుని తిరిగేవాడు. ఆ మీసాలతో ఎప్పటికైనా ఏదో ముప్పు వస్తుందని అవ్వ మొదటి నుంచీ గొణిగేది. దానికి కారణం ఉంది. ఆమె పుట్టిన ఊళ్ళో, ఆమె చిన్నతనంలో, దొర గడీ ముందు నుంచి మీసం తిప్పుకుని నడిచే ధైర్యం ఎవరికీ లేదు. చెప్పులు చేతిలోకి, మీసాలు కిందికి. అలా దించనందుకు ఒకాయనను గడీలోకి పిలిపించడం ఆమె కళ్ళారా చూసింది. అందుకని మీసా అనగానే ఆమెకు అంతా అర్థమైపోయింది. ఢిల్లీలో ఉన్నామె పెద్ద దొరసాని, మా అన్న ఆమె ఎదుట మీసం తిప్పాడు, లోపల వేశారు. దీనికి ఇంకా చట్టాలు, అక్షరాలు ఎందుకు?

నేను నచ్చజెప్పబోయాను. "గది మీసం కాదవ్వా, ఇంగ్లీషుల చట్టం పేరు."

"ఏ భాషైతేంది? పేరు మీసమేనాయె" అంది. "తీసేస్తే ఇడుస్తరు."

బాపు మంచం మీద నుంచి లేచి కూర్చున్నాడు. మాలో మగవాళ్ళు మీసం తీసేది తండ్రో తల్లో పోయినప్పుడే. "నేను బతికుండంగ నా కొడుకు మీసం తీస్తడా? ఏం మాట్లాడుతున్నవే?" అని కేకలేశాడు.

"నువ్వు సచ్చినవనే అనుకో. పిల్లగాడు ఇంటికొస్తడు" అంది అవ్వ. ఆమె ముఖంలో నవ్వు లేదు.

అన్నను మొదట నిజామాబాద్‌లో ఉంచి, తర్వాత హైదరాబాద్ జైలుకు మార్చారు. చూడడానికి అనుమతి దొరికిన రోజు ముగ్గురం రైలెక్కి పోయాం. అవ్వ చేసుకొచ్చిన మక్కగారెలు గేటు దగ్గరే ఆపేశారు. జైలు అధికారి ఒకాయన మా మాటలు వినడానికే కుర్చీ వేసుకుని పక్కన కూర్చున్నాడు. ఎలా ఉన్నావని అడగడానికి కూడా నాకు భయం వేసింది. బాగున్నానంటే ఏమనుకుంటారో, బాగులేనంటే ఏం రాసుకుంటారో. బాపు వానల గురించి మాట్లాడాడు. అవ్వ మాత్రం ఇనుప జాలీ దాకా జరిగి, అన్న ముఖంలోకి చూస్తూ, "గవి తీసెయ్ బిడ్డా. బతిమాలుకుంట. మీసం కిందనే గద నిన్ను పట్టింది" అంది.

కుర్చీలో అధికారి పగలబడి నవ్వాడు. బాపు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అన్న నవ్వలేదు. తప్పు దిద్దనూ లేదు. "తీస్త తియ్ అవ్వా, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమె దారి పొడుగునా తేలిగ్గా ఉంది. రైల్లో పక్కవాళ్ళకు కూడా చెప్పింది, ఇంక వచ్చేస్తాడని. నేను మోచేత్తో పొడిచాను, పక్కవాళ్ళెవరో ఏమో అని.

అప్పుడు అందరూ ఎవరో ఏమో. అన్న గురించి పోలీసులకు ఎవరు చెప్పారన్నది తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. ఒక్కరని తేలి ఉంటే ఆ ఒక్కరినీ తిట్టుకుని ఊరుకునేదాన్ని. తేలలేదు గనుక అందరినీ తలా కొంచెం అనుమానించాను. హోటలు యజమాని కొత్త బల్లలు వేయిస్తే అనుమానం. పటేలు మా గల్లీలో రెండుసార్లు తిరిగితే అనుమానం. అటు జనం నన్ను అనుమానించారు. నేను రెంజల్ వైపు ఒక చిన్న ఊళ్ళో ప్రైమరీ స్కూలు టీచరును. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు మనుషులను తోలుకురావాలని అప్పుడు టీచర్ల మీద కూడా వత్తిడి ఉండేది. బడికి రాని పిల్లవాడి కోసం ఇల్లు వెతుక్కుంటూ పోతే తండ్రి వెనక దర్వాజా నుంచి చెరుకు తోటలోకి ఉరికేవాడు. "టీచరమ్మ వస్తున్నది" అన్న మాట వినపడితే గల్లీలో మగ పురుగు ఉండేది కాదు. పిల్లవాడి గురించే వచ్చానని చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టేది. తోటలో నుంచి జవాబు వచ్చేది, "ఇంట్ల ఎవ్వలు లేరు!"

అటువంటి రెండేళ్ళ తర్వాత ఒక మనిషి పేడా ఇచ్చి స్వాతంత్ర్యం వచ్చిందంటే ఎట్లా నమ్మను? ఆ పొద్దున బస్సు ఎక్కకుండా పక్కనే ఉన్న దర్జీ చాచా దుకాణానికి పోయాను. బాపుకు చిన్ననాటి దోస్తు. మా ఇంట్లో మగవాళ్ళ అంగీలన్నీ ఆయన కుట్టినవే. ఆయన దగ్గర రేడియో ఉంది, లండన్ నుంచి వచ్చే ఉర్దూ వార్తలు వింటాడు. మా అనుమానాల జాబితాలో లేని ఒకే ఒక్క మనిషి ఆయన, అది కూడా నేను చిన్నప్పుడు ఆయన భుజాల మీద ఎక్కి తిరిగినందువల్ల.

"నిజమేనా చాచా?"

చాచా మిషన్ తొక్కడం ఆపి, వీధిలోకి అటూ ఇటూ చూసి, నన్ను లోపలికి రమ్మని సైగ చేశాడు. గుడ్డల బీరువా పక్కకు తీసుకుపోయి చెవిలో చెప్పాడు. "సచ్ హై బేటీ. ఓడిపోయింది. ఎమర్జెన్సీ ఖతం. ఇగ ఎవ్వలకు భయపడే పని లేదు." ఒక్క క్షణం ఆగి, "గానీ నేను చెప్పిన్నని ఎవ్వలతోని అనకు" అన్నాడు.

ఇంటికి పరుగెత్తుకుపోయి చెప్తే బాపు నాకంటే రెండాకులు ఎక్కువ చదివాడు. "పడిపోయిందని వాళ్ళు చెప్తే పడిపోయినట్టేనా? ఎవడు నవ్వుతడు, ఎవడు ఏడుస్తడు సూద్దామని ఇడిచిన మాట గావచ్చు గది. ఎవ్వలు నవ్వకుండ్రి" అని ఆజ్ఞాపించాడు. ఆ పూట మా ఇంట్లో ఎవ్వరమూ నవ్వలేదు. అన్నం తింటున్నప్పుడు అవ్వ పెదవులు రెండుసార్లు కదిలాయి, బాపు చూశాడు, ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది.

కొద్ది రోజులకు అన్న వచ్చాడు. కబురు లేదు, తంతి లేదు. మధ్యాహ్నం బస్సుకు దిగాడు. మాకు తెలిసింది మాత్రం ఏడుపు వల్ల.

వరసకు నాకు పెద్దమ్మ అయ్యే ఒకామె ఆ వేళ పొరుగూరి నుంచి వచ్చి బస్సు దిగే చోట ఉంది. అన్న ముఖం చూసింది. మీసం లేదు. నున్నగా గొరిగి ఉంది. మాటిచ్చినట్టే జైల్లో తీసేశాడు. కానీ ఆమెకు జైలు గుర్తురాలేదు, మీసా గుర్తురాలేదు. ఆమెకు అర్థమైంది ఒక్కటే. గుండెలు బాదుకుంటూ అన్నను పట్టుకుంది. "ఎప్పుడు పోయిండు బిడ్డా మీ బాపు? మాకు ఒక్క మాటన్న చెప్పకపోతిరి, కడసారి సూపన్న లేకపాయె!" అని శోకం మొదలుపెట్టింది. పాపం, అన్నకూ బాపును చూసి నెలలైంది. ఇంటి కబురు కొంతకాలంగా లేదు. అంత దగ్గరి చుట్టం ఏడుస్తోంది కదా అని నమ్మేశాడు. ఆమె ఏడుస్తూ ముందు, అతను ఏడుస్తూ వెనుక, దారిలో కలిసిన ఆడవాళ్ళు ఏమైందోనని వాళ్ళ వెంట. అలా గుంపుగా మా వాకిట్లోకి వచ్చేసరికి బాపు మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు.

శోకం టక్కున ఆగింది. బాపు లేచాడు. కొడుకును చూశాడు, నున్నటి పెదవిని చూశాడు, వెనుక నిలబడ్డ ఆడవాళ్ళను చూశాడు.

"బతికుండంగనే సంపినరు గదనే నన్ను!" అని అవ్వ మీద విరుచుకుపడ్డాడు. అన్న వెళ్ళి బాపు కాళ్ళు పట్టుకున్నాడు, పట్టుకుని వదలలేదు. అంతసేపూ తిడుతూనే బాపు వాడి తల మీద చెయ్యి పెట్టి ఉంచాడు. అవ్వ మాత్రం ఇటు ఏడుపునూ అటు తిట్లనూ పట్టించుకోకుండా, మెడ నిటారుగా ఎత్తి, "నేనేమన్న? మీసం తీస్తే ఇడుస్తరని అన్ననా లేదా?" అంది. ఢిల్లీలో సర్కారు మారినందుకే విడిచారని ఎంత చెప్పినా ఆమె నమ్మలేదు. ఉత్తరాది జనం వేసిన ఓట్లన్నీ ఆమె లెక్కలో మంగలి కత్తి ముందు ఎందుకూ కొరగాలేదు. మళ్ళీ పెంచవద్దని ఆమె, రేపే మొదలుపెట్టాలని బాపు. ఆ తగువు ఎండాకాలమంతా నడిచి, ఆఖరుకు మీసం తనంతట తానే వచ్చేసింది.

మీసం వచ్చింది గానీ గొంతు రాలేదు.

దీన్ని మొదట కనిపెట్టింది నేనే. అన్న ఇంట్లో ఉన్నట్టే ఉండేవాడు కాదు. ఏం మాట్లాడినా ఎదుటి మనిషి వంగి వినాల్సినంత మెల్లగా. మాట మొదలుపెట్టే ముందు తలుపు వైపు ఒక చూపు. బాపు ఎగదోస్తూ ఏదైనా అంటే, "అవును బాపు" అనేవాడు. మా అన్న! బాపు మాటకు అవును అనేవాడు! బాపు తట్టుకోలేకపోయాడు. చెరుకు ధర గురించి కావాలని తప్పుగా మాట్లాడేవాడు, ఒక్కసారైనా కాదంటాడేమోనని. "అట్లనే ఉంటది తియ్" అనేవాడు అన్న. బాపు లేచి బయటకు వెళ్ళిపోయేవాడు.

ఒకనాడు అన్నం పెడుతూ సూటిగా అడిగాను. "కొట్టిండ్రా అన్నా?"

"లేదు చెల్లె."

"మరేం జేసిండ్రు?"

"ఏం జెయ్యలే." ముద్ద కలిపాడు. "మా బారకులనే ఎవడో ఒకడు జైలోళ్ళకు చెప్తుండె లోపటి మాటలన్ని. ఎవడో తెల్వది. పక్కన పండేటోడు గావచ్చు. గట్ల గట్ల అలవాటైంది." అది కూడా గొణిగినట్టే చెప్పాడు. నా సొంత జబ్బే మా అన్నకు అంటుకుంది.

దేశంలో మాత్రం అందరూ గట్టిగా మాట్లాడుతున్నారు. పత్రికలు నోరు తెరిచాయి. కొత్త ప్రధాని ముసలాయన, నిజాయితీ గలవాడన్నారు. జైళ్ళ నుంచి వచ్చిన వాళ్ళే మంత్రులయ్యారన్నారు. ఇక లంచాలుండవు, ఇక అన్యాయాలుండవు, ఇక ఎవరైనా ఏమైనా అనవచ్చు. బడిలో తోటి టీచర్లు, బస్సులో కండక్టరు, అందరిదీ అదే మాట. పేడాల మనిషి దండ పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అన్న మెడలో వేసి, దేశం కోసం త్యాగం చేశావన్నాడు. అన్న దాన్ని తీసి అతని ముఖాన కొడతాడని నేను దర్వాజా పక్కన ఆశగా నిలబడ్డాను. అన్న చేతులు జోడించి, "కూసుండ్రి, చాయ్ తాగుండ్రి" అన్నాడు. ఆ చాయ్ నేనే చెయ్యాల్సి వచ్చింది. చక్కెర వెయ్యలేదు.

అప్పుడే నేను మనసులో ఒక పరీక్ష పెట్టుకున్నాను. ఢిల్లీలో ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు నాకు అనవసరం. మా అన్న గొంతు వెనక్కి వస్తే సర్కారు మారిందని నమ్ముతాను. రాకపోతే కుర్చీ మీద మనిషి మారాడు, అంతే. ఎవరు ఎంత గొప్పగా చెప్పినా ఈ లెక్క మీదే నిలబడ్డాను. తోటి టీచరు ఒకామె, "నీకు ఏదీ మంచిగనిపియ్యది" అని ముఖం మీదే అనేసింది. నిజమే, అనిపించలేదు.

ఒక చెరుకు పంట పోయి ఇంకో పంట చేతికొచ్చింది. ఈలోగా ఢిల్లీలో పెద్దవాళ్ళు తమలో తాము కొట్టుకోవడం మొదలుపెట్టారు. నేను నీకంటే ఎక్కువంటే నేను నీకంటే ఎక్కువని పత్రికల నిండా అదే. నాకు లోలోపల తృప్తిగా కూడా ఉండేది, అనుకున్నంతా అయిందని. అనుమానం నిజమైతే కలిగే ఆ పాడు తృప్తి ఎరిగినవాళ్ళకు ఎరుక.

ఆ గానుగ కాలంలో ఒక సాయంత్రం. నాకు బడి సెలవు. చాచా దగ్గర కుట్టడానికిచ్చిన గుడ్డలు తెచ్చుకుందామని బాపూ నేనూ బోధన్ పోయాం. చక్కెర ఫ్యాక్టరీ దారిలో చెరుకు బండ్లు ఒకదాని వెనుక ఒకటి ఆగి ఉన్నాయి, గాలి నిండా మొలాసిస్ వాసన. చాయ్ హోటలు మలుపు తిరిగేసరికి లోపల నుంచి ఎవరో అరుస్తున్నారు. ఎవరో తాగి గొడవ చేస్తున్నారనుకుని నేను ఎడంగా నడిచాను. బాపు ఆగిపోయాడు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"గది మనోడే" అన్నాడు.

అన్న గొంతు. పూర్తి గొంతు. హోటలు గోడలు దాటి, బండ్లు దాటి రోడ్డు మీదికి వస్తోంది. "జైళ్ళ కూసున్నోళ్ళమని చెప్పుకుంటున్నరు గద, మేం కూసోలేదా? గిందుకేనా కూసున్నది? కుర్చీ కోసం కుక్కల్లెక్క కొట్లాడెటందుకా? ఆమెను తిట్టినట్టె మిమ్ముల గూడ తిడుత, ఏం జేస్తరో చేస్కోండ్రి!"

నాకు సంతోషం రాలేదు. నిజం చెప్పాలంటే భయం వేసింది. ఎందుకంటే తలుపు పక్కన మొదటి బల్ల మీద పోలీసు జవాను ఒకడు కూర్చున్నాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, సాసరులో చాయ్ పోసుకుంటున్నాడు. అన్న అతన్ని చూడలేదేమో అనుకున్నాను. చూశాడు. చూస్తూనే మాట్లాడుతున్నాడు. బాపు నా చెయ్యి వదలలేదు. పోయి నోరు మూయించి ఇంటికి లాక్కుపోదామా అన్నట్టు నా వైపు చూశాడు. ఇద్దరిలో ఎవరికీ అడుగు పడలేదు.

జవాను సాసరు దించాడు. "గట్లనకు పటేలా" అన్నాడు అన్నతో, మర్యాదకు అలా పిలిచి. "ముసలాయన మంచోడే. పక్కనున్నోళ్ళే సక్కగలేరు."

"పక్కన ఎవ్వలను పెట్టుకోవాల్నో తెల్వనోడు మంచోడెట్లైతడు?" అన్నాడు అన్న.

జవాను తల గోక్కుని, ఇంకో చాయ్ తెమ్మని చెప్పాడు. అంతే. జీపు రాలేదు. ఎవరూ లేచి పోలేదు. పక్క బల్ల వాళ్ళు జవానును చూసి నవ్వారు, అతనూ నవ్వాడు. అప్పుడు, ఆ బురద రోడ్డు మీద, చెరుకు బండ్ల మధ్య, నాకు ఈ దేశం మీద ఆశ పుట్టింది. అలా చెప్పుకోవడానికి ఇప్పటికీ కాస్త సిగ్గే. ఢిల్లీలో కొట్టుకుంటున్న ఆ పెద్దమనుషుల వల్ల పుట్టలేదు. వాళ్ళను నోరారా తిట్టి మా అన్న ఇంటికి అన్నానికి రాగలడని పుట్టింది.

బాపు నా చెయ్యి వదిలి హోటలు మెట్లెక్కాడు. కోపంగా ఎక్కాడా, సంతోషంగా ఎక్కాడా నాకు వెనుక నుంచి తెలియలేదు. ఆడవాళ్ళు హోటల్లోకి పోయే రోజులు కావవి, నేను మెట్ల కిందే ఉండిపోయాను.

"అరిసింది సాలుతియ్. ఆమె ఉన్నప్పుడు రైళ్ళన్న టైముకొచ్చేటియి" అన్నాడు బాపు, ఏళ్ళ తరబడి ఆకలితో ఉన్నవాడిలా.

అన్న ఆయన వైపు తిరిగాడు. "గట్లనా? మరి ఓటు ఎవలకేసినవ్ బాపూ నువ్వు? జెర నలుగుట్ల చెప్పరాదు!"

ఎగతాళికే అడిగాడు. బల్లల మీద అందరూ నవ్వారు. బాపు నవ్వలేదు. నిలబడ్డ చోటే నిలబడి, అన్న మాట్లాడినంత గట్టిగానే చెప్పాడు.

"ఆవుదూడకే గుద్దిన. నువ్వు లోపటున్నవ్. ఎవడు ఎటు గుద్దిండో వాళ్ళకు తెలుస్తదని అన్నరు. వేరేటోళ్ళకు గుద్దిన్నని తెలిస్తే నిన్ను ఇడవరని గుద్దిన. మీ అవ్వతోని గూడ గుద్దిపిచ్చిన."

జవాను తన టోపీ వైపు చూస్తూ కూర్చున్నాడు. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. అన్నకూ తెలియదు. అతని పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. గొంతు మళ్ళీ పోయిందేమోనని నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తప్పు జేసినవ్ బాపూ" అన్నాడు. గట్టిగా, నలుగురూ వినేట్టే అన్నాడు.

"తప్పే" అన్నాడు బాపు, అంతకంటే గట్టిగా. "అయితే ఏందిరా?"

అన్న బల్ల మీద కాస్త జరిగి చోటు ఇచ్చాడు. బాపు కూర్చున్నాడు. కూర్చుంటూనే ఇద్దరూ మళ్ళీ అందుకున్నారు, రైళ్ళ దగ్గర మొదలుపెట్టి. చీకటి పడేదాకా తేలలేదు. నేను బండి చక్రానికి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటూ వింటూ ఉన్నాను. ఇంకెవరైనా వింటున్నారేమోనని వెనక్కి తిరిగి చూడడం కూడా ఆ సాయంత్రం మరిచిపోయాను.